వెతికేవారికి దొరికే తోవ
వెబ్‌సైటు గల పూర్వ విద్యార్థులకు, వ్యాపారులకు, సంఘాలకు కొన్ని సూచనలు
(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండిన పాఠశాల ఉత్సవంలో గురువులను తలచుకోవడం, పాత ముచ్చట్లు చెప్పుకోవడం పరిపాటి. అట్టి సభలో వెబ్‌సైట్ల విషయం ఎత్తడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కాని ఒక చిన్న సంఘటనను ఊహించి చూడండి. చిత్తూరు నుండి ధర్మపురికి బదిలీ అయిన ఒక ఉద్యోగి భార్య తన బిడ్డను తెలుగు మాధ్యమంలోనే చదివించాలని తలచి, చేతిలోని ఫోనులో ‘ధర్మపురి తెలుగు పాఠశాల’ అని తెలుగులో టైపు చేసింది అనుకుందాం. ఆమెకు ఎదురుగా వచ్చేది గోదావరి తీరాన, తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో ఉన్న ధర్మపురి అయ్యే అవకాశమే ఎక్కువ. ఆమె నాలుగు పుటలు తిరగేసి, విసుగుచెంది, ఇక్కడ తెలుగు బడి లేదని నిర్ణయించుకుంటుంది. ఒక బిడ్డ తెలుగు అక్షరానికి దూరమవుతుంది. బడి ఉన్నది, ఉపాధ్యాయులు ఉన్నారు, బల్లలు ఉన్నాయి. వెతికినవారికి మాత్రం దొరకలేదు.

ఇందులో యంత్రాన్ని తిట్టవలసిన పని లేదు. తెలుగులో ధర్మపురి అనగానే లోకానికి తెలిసినది ఆ నృసింహ క్షేత్రమే. శేషప్ప కవి నరసింహ శతకం ఆ స్వామిని ఉద్దేశించి చెప్పినదే. ఈ ఊరి పిల్లలు కూడా ఆ శతక పద్యాలను కంఠస్థం చేస్తూ, అందులోని ధర్మపురి తమ ఊరే కాబోలు అని చిన్ననాడు భ్రమపడుతుంటారు. ధర్మపురి ఇంటిపేరుగా గల రాజకీయ నాయకులు కూడా ఆ ప్రాంతంలో ఉన్నారు కనుక వార్తాపత్రికలలో ఆ మాట మరింతగా కనబడుతుంది. తమిళనాడులోని ధర్మపురి గురించి తెలుగులో వ్రాసినవారు తక్కువ. వ్రాసినది తక్కువైనచోట చూపించేది కూడా తక్కువే కదా.

ఈ చిక్కు పాఠశాలది మాత్రమే కాదు. ఇక్కడ చదువుకొని పట్టుగూళ్ల వ్యాపారంలో, మామిడి గుజ్జు పరిశ్రమలో, ముద్రణాలయాలలో, ప్రయాణ వాహనాల వ్యాపారంలో స్థిరపడినవారు అనేకులు వెబ్‌సైట్లు పెట్టుకున్నారు. డబ్బు పెట్టి చేయించుకున్న సైటు ఎవరి కంటా పడడం లేదని వారిలో పలువురి ఫిర్యాదు. కనుక వెతుకుడు యంత్రం ఎట్లా పనిచేస్తుందో, దానికి కనబడే విధంగా సైటును ఎట్లా దిద్దుకోవాలో కొంత వివరంగా చెప్పుకోవడం ఉచితం.

గ్రంథాలయం నడిపినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. తమిళనాట శియాళిలో 1892లో జన్మించి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలను ప్రకటించారు. చదువరి కాలాన్ని ఆదా చేయవలెనన్నది వాటిలో నాల్గవది. పుస్తకం బీరువాలో ఉంటే చాలదు. సరియైన కార్డు సరియైన సొరుగులో ఉండాలి. గూగుల్ వంటి యంత్రాలు చేసేది దాదాపు ఇదే. మొదట వాటి మరలు ఒక లంకె నుండి మరొక లంకెకు ప్రాకుతూ పుటలను చదువుతాయి. ఆ ప్రాకుడును బట్టే వాటికి సాలెపురుగులు అని పేరు వచ్చింది. చదివిన దానిని సూచికలో చేర్చుకుంటాయి. ఎవరైనా ఒక మాట అడిగినప్పుడు లోకమంతా అప్పటికప్పుడు గాలించవు. ఆ సూచికలో నుండి తగిన పుటలను ఏరి వరుస పెట్టి చూపుతాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ సంస్థను స్థాపించినప్పుడు వారి విశేషమంతా ఆ వరుస పెట్టడంలోనే ఉన్నది. ఒక పుటకు ఇతరులు ఎందరు, ఎటువంటివారు లంకె వేశారు అన్నది వారు గణనలోనికి తీసుకున్నారు. నేడు లెక్కలోనికి వచ్చే అంశాలు ఎన్నో చేరాయి గాని ఆ మూలభావం పోలేదు.

దీనిని బట్టి మొదట పరిశీలించవలసినది ఒక్కటే. ఆ యంత్రం మీ సైటును అసలు చదివిందా, లేదా? గూగుల్ పెట్టెలో ఆంగ్లాక్షరాలలో సైట్ అని వ్రాసి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ విడువకుండా మీ సైటు చిరునామా వ్రాయండి. సూచికలో చేరిన పుటలు కనబడతాయి. ఒక్కటీ రాలేదంటే తక్కిన హంగులన్నీ వృథా. సైటు తయారయ్యేటప్పుడు, అసంపూర్తి పని ఎవరికీ కనబడకూడదని, తయారీదారులు వెతుకుడు యంత్రాలను రావద్దని చెప్పే ఒక గడిలో గురుతు పెట్టి ఉంచుతారు. వర్డ్‌ప్రెస్‌లో అట్టి గడి ఒకటి ఉన్నది. పని పూర్తి అయిన తరువాత ఆ గురుతు తీసివేయడం మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. తలుపుకు తాళం వేసి అతిథులు రాలేదని చింతించినట్లు ఉంటుంది ఇది. పిదప గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో సైటును నమోదు చేసుకొని, పుటల పట్టికయైన సైట్‌మ్యాప్‌ను అందులో సమర్పించాలి. ఏ మాటలు టైపు చేసినవారికి మీ పుట కనబడింది, ఎందరు దానిని తెరిచారు అన్న వివరాలు పదహారు మాసాల వరకు అందులో నిలిచి ఉంటాయి. ఖరీదైన సలహాలు కొనేముందు ఆ పట్టికను నెలకు ఒకసారి చదివే అలవాటు చేసుకోవడం మేలు.

ఇక తెలుగువారికి ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉన్నది. దీనిని గురించి ఇతర భాషల సలహా పుస్తకాలు చెప్పవు కనుక కొంచెం నిదానించి చెప్పవలసి ఉన్నది.

1990 దశకంలో తెలుగు అచ్చుపని కంప్యూటర్ల మీదికి వచ్చినప్పుడు అను వంటి ఖతులు ముద్రణాలయాలలో వ్యాపించాయి. అవి చూపుకు తెలుగు. లోపల మాత్రం ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల రూపాలను, గుణింతపు ముక్కలను అమర్చిన ఏర్పాటు. కాగితం మీద అచ్చువేసేటంతవరకు దోషం ఏమీ లేదు. ఆ పాఠాన్ని ఎత్తి మరొకచోట అతికిస్తే అర్థం లేని ఆంగ్లాక్షరాల గుంపు వస్తుంది. వెతుకుడు యంత్రం చదివేదీ ఆ గుంపునే. ‘గురువు’ అని వెతికినవారికి, లోపల ‘గురువు’ అన్న మాటే లేని పుట ఎట్లా దొరుకుతుంది? తెలుగు దినపత్రికలు కూడా అంతర్జాలానికి వచ్చిన కొత్తలో ఎవరి ఖతి వారిదిగా ఉండేవి. వాటిని ప్రామాణిక రూపంలోనికి మార్చి చదువుకోవడానికి వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారుచేశారు. డిసెంబరు 2003లో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారు కూడా ఆయనే.

ఈ గందరగోళానికి పరిష్కారం యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు లిపికి 128 స్థానాలు గల ప్రత్యేక విభాగం ఏర్పడింది. నేటి ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ దానినే వాడుతున్నాయి. అయినా ముద్రణాలయాలలో పాత ఖతులు నేటికీ నడుస్తున్నాయి. అక్కడి నుండి వచ్చిన పీడీఎఫ్‌లను తెచ్చి సైటులో పెట్టి, తెలుగు పాఠం పెట్టామని సంతృప్తి పడుతున్నవారు ఉన్నారు. పరీక్ష సులభమే. మీ సైటులోని ఒక తెలుగు వాక్యాన్ని నకలు తీసి వాట్సాప్ సందేశంలో అతికించండి. తెలుగు తెలుగుగానే వస్తే సరి. చిత్రవిచిత్రాక్షరాలు వస్తే ఆ పుట వెతుకుడు యంత్రానికి మూగదే. అను పాఠాన్ని యూనికోడ్‌లోనికి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చిన తరువాత మాత్రం ఒక మనిషి ప్రూఫు దిద్దక తప్పదు.

ఆహ్వానపత్రికలను, ప్రకటనలను బొమ్మలుగా పెట్టడం ఈ కోవలోనిదే. వార్షికోత్సవ వివరాలన్నీ రంగురంగుల బొమ్మలో ఉంటాయి, పుటలో ఒక్క అక్షరం ఉండదు. బొమ్మలోని అక్షరాలను పోల్చుకునే శక్తి యంత్రాలకు కొంత వచ్చినమాట నిజమే, కాని దానిని నమ్ముకోరాదు. బొమ్మ పెట్టండి, క్రింద అదే సంగతి అక్షరాలలో వ్రాయండి. బొమ్మకు బదులు చదివే వివరణ అని ఒక చిన్న చోటు సైటు తయారీలో ఉంటుంది. దానిని ఖాళీగా విడువకండి. చూపు లేనివారి ఫోను ఆ వివరణనే పైకి చదివి వినిపిస్తుంది. వెతుకుడు యంత్రం సంగతి అటుంచినా, ఆ ఒక్క కారణానికే దానిని నింపడం ధర్మం.

ఇప్పుడు రెండు ధర్మపురుల చిక్కుకు తిరిగి వద్దాం. ప్రతి పుటకు శీర్షిక అని ఒకటి ఉంటుంది. వెతికినవారికి మొదట నీలి అక్షరాలలో కనబడేది సాధారణంగా అదే. చాలా సైట్లలో అది ‘హోమ్’ అనో, ‘స్వాగతం’ అనో ఉండిపోతుంది. ‘తమిళనాడు ధర్మపురిలో తెలుగు మాధ్యమ పాఠశాల’ అని ఉంటే ఆ చిత్తూరు తల్లికి ఒక్క చూపుతో తెలిసిపోతుంది. వేరుచేసి చూపే మాట, అనగా తమిళనాడు అన్నది, ముందే రావాలి. ఫోను తెరలు చిన్నవి గనుక శీర్షిక పొడుగైతే తోక తెగిపోతుంది. పుటలోని మొదటి వాక్యంలోనే జిల్లా, రాష్ట్రం, 636701 అన్న పిన్ సంఖ్య ఉండాలి. తెలంగాణ పిన్ సంఖ్యలు 50తో మొదలవుతాయి. మనుష్యులకు, యంత్రాలకు ఇంతకంటె స్పష్టమైన గుర్తు లేదు. తెలుగు వికీపీడియావారు ఒకే పేరు గల విషయాలను వేరుచేసి చూపే పుటకు ‘అయోమయ నివృత్తి’ అని చక్కని పేరు పెట్టారు. ఈ ఊరి తెలుగు సైట్లన్నిటికీ ఆ నివృత్తి మొదటి వాక్యంలోనే జరగాలి.

జిల్లాల పేర్లు మారడం మరొక మెలిక. 1965 అక్టోబరు 2న సేలం నుండి విడివడి ధర్మపురి జిల్లా ఏర్పడింది. 2004 ఫిబ్రవరి 9న అందులో నుండి కృష్ణగిరి జిల్లా వేరయింది. అంతవరకు హోసూరు, డెంకణికోట మొదలైన తెలుగు మాట్లాడే తావులన్నీ ధర్మపురి జిల్లాలోనివే. 2004కు ముందు చదివి వెళ్లినవారు నేటికీ ‘ధర్మపురి జిల్లా హోసూరు’ అనే వెతుకుతారు. హోసూరు గులాబీ వ్యాపారి తన పుటలో ‘కృష్ణగిరి జిల్లా, 2004 వరకు ధర్మపురి జిల్లా’ అని ఒక్క వాక్యం చేర్చుకుంటే ఇరువురికీ దొరుకుతాడు. గోదావరి తీరపు ధర్మపురికి కూడా ఇదే అవస్థ వచ్చింది. 2016లో అది కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల జిల్లాకు మారింది.

మాటల ఎంపికలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అమ్మేవాడు వాడే మాట ఒకటి, కొనేవాడు వెతికే మాట మరొకటి కావచ్చు. ఈ జిల్లాలో రాగులు అంటారు. శ్రీకాకుళం వైపు చోళ్లు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. వేరుశనగకు పల్లీలని, శనక్కాయలని, బుడ్డలని పేర్లు ఉన్నాయి. రాగిపిండి అమ్మే సైటులో ఒక వాక్యంలో ‘రాగులను చోళ్లు, తైదలు అని కూడా అంటారు’ అని సహజంగా వ్రాస్తే సరిపోతుంది. వ్రాతలో భేదాలు కూడా అంతే: హోసూరు, హొసూరు, హొగేనకల్, హోగెనక్కల్, మన్రో, మండ్రో. తమిళంలోనే ఈ ఊరి పేరు రెండు విధాలుగా వ్రాయబడుతున్నది. శుద్ధమైన రూపాన్ని శీర్షికలో ఉంచి, జనం వాడే రూపాన్ని పుటలో ఎక్కడో ఒకచోట రానివ్వండి.

సంధుల విషయం చెప్పడానికి తెలుగు పండితులకు కొంత మనసు ఒప్పదు. ‘ధర్మపురియందలి తెలుగుమాధ్యమపాఠశాల’ అని కలిపి వ్రాస్తే వ్యాకరణానికి తృప్తి. వెతికేవారు మాత్రం విడివిడి మాటలు టైపు చేస్తారు. యంత్రాలకు తెలుగు విభక్తులు, సంధులు కొంతవరకు పట్టుబడ్డాయి గాని, ఆంగ్లం పట్టుబడినంతగా పట్టుబడలేదు. కనుక శీర్షికలలో, ఉపశీర్షికలలో మాటలను విడదీసి, వీలైనంతవరకు ప్రథమా విభక్తిలో వ్రాయడం మేలు. లోపలి వ్యాసంలో ఎంత చక్కని తెలుగైనా వ్రాసుకోవచ్చు.

తెలుగు, తమిళం, ఆంగ్లం మూడింటినీ ఒకే పుటలో కలగాపులగం చేయడం ఇక్కడి సైట్లలో కనిపించే మరొక లోపం. యంత్రం పుట ఏ భాషలో ఉన్నదో కంటికి కనబడే పాఠాన్ని బట్టి నిర్ణయిస్తుంది. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పుట పెట్టి, అవి పరస్పరం అనువాదాలని తెలిపే గుర్తును తయారీదారుచేత పెట్టించాలి. తెలుగుకు ‘టి-ఇ’ అని, తమిళానికి ‘టి-ఎ’ అని సంకేతాలు. ఒక్క అక్షరమే తేడా గనుక తారుమారు కావడం సులభం. ఆంగ్ల పుట కూడా తప్పక ఉండాలి. తెలుగు మాట్లాడేవారిలో చాలమంది ఆంగ్లాక్షరాలలోనే టైపు చేస్తారన్నది కాదనలేని సత్యం. పుట చిరునామాను తెలుగులో పెట్టవచ్చునా అని కొందరు అడుగుతుంటారు. పెట్టవచ్చు. ‘.భారత్’ అన్న తెలుగు చివర కూడా 2011 నుండి ఉన్నది. కాని ‘ధర్మపురి’ అన్న మాటలో అచ్చు గుర్తులు, పొల్లు కలిపి ఎనిమిది సంకేతాలు ఉన్నాయి. చిరునామాను నకలు తీసి పంపినప్పుడు ఆ ఒక్క మాట తరచు శాతం గుర్తులతో కూడిన డెబ్బయి రెండు అక్షరాల దండగా మారిపోతుంది. చూచినవారు మోసపు లంకె అనుకొని ముట్టరు. చిరునామా వరకు పొట్టి ఆంగ్లాక్షరాలు వాడుకోవడమే నేటికి సుకరం.

అంగడి గలవారు సైటు కంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. గూగుల్ పటంలో తమ వ్యాపారాన్ని నమోదు చేసుకోవడం. దీనికి రుసుము లేదు. పేరు, చిరునామా, ఫోను సంఖ్య, తెరచి ఉంచే వేళలు సరిగా ఉండాలి. సైటులో, పటంలో, రసీదులో ఒకే విధంగా ఉండాలి. పండుగనాడు మూసి ఉంచితే ఆ సంగతి కూడా అందులో తెలుపవచ్చు. సమీపంలోని వెతుకులాటకు ఇదే పెద్ద ఆధారం.

సైటు ఫోనులో చక్కగా తెరుచుకోవాలని వేరుగా చెప్పనక్కరలేదు. గూగుల్ కొన్ని సంవత్సరాలుగా సైట్ల ఫోను రూపాన్నే ప్రధానంగా చదువుతున్నది. 2023 నాటికి ఆ మార్పు పూర్తి అయినట్లు ప్రకటించింది. ఫోనుతో తీసిన ఛాయాచిత్రం నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. అట్టివి నూరు ఒకే పుటలో పెడితే పల్లెలో ఉన్న తాతగారు మనుమరాలి నాట్యం చూడడానికి అరగంట కాచుకోవాలి. చిత్రాలను కుదించి పెట్టండి.

మోసాల గురించి ఒక మాట. పది రోజులలో మొదటి స్థానంలో నిలబెడతామని ఫోను చేసేవారు ఎందరో ఉన్నారు. మొదటి స్థానానికి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ సంస్థే స్పష్టంగా చెప్పింది. వీరు చేసే పనులు సాధారణంగా మూడు. ఒకే మాటను పుటలో నలభైసార్లు గుప్పించడం, తెల్లని కాగితం మీద తెల్లని అక్షరాలతో మాటలు దాచడం, డబ్బుకు లంకెలు కొనడం. మూడూ నిషిద్ధాలే, పట్టుబడిన సైటు ఉన్న స్థానం కూడా పోగొట్టుకుంటుంది. దాచిన చోట కీలకపదాల జాబితా ఒకటి వ్రాసి దానికి రుసుము పుచ్చుకునేవారు నేటికీ ఉన్నారు. ఆ జాబితాను వరుస పెట్టడంలో లెక్కలోనికి తీసుకోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. దానికి చెల్లించిన డబ్బు నీళ్లపాలే.

లంకెలు న్యాయంగా రావాలంటే, ఇతరులకు పనికివచ్చేది మీ పుటలో ఉండాలి. ఇక్కడే ఈ ఊరివారికి ఒక సదవకాశం ఉన్నది. ఒక ఉదాహరణ చూడండి. రాయలసీమలో మన్రో దొర పేరు తెలియని పల్లె తక్కువ. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి, 1827లో పత్తికొండలో మరణించిన ఆ థామస్ మన్రో, అంతకుముందు 1792 నుండి 1799 వరకు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ క్రింద పనిచేశాడు. ధర్మపురిలో నివసించాడు. భూమిశిస్తు విధానంలో ఆయన నేర్చిన తొలి పాఠాలు ఈ నేల మీదివే. ఈ సంగతిని తెలుగులో సవివరంగా వ్రాసి, ఇక్కడి గుర్తుల ఛాయాచిత్రాలతో ఒక పుట పెడితే, అనంతపురం, కర్నూలు జిల్లాల చరిత్ర విద్యార్థులు దానిని వెతుక్కుంటూ వస్తారు, దానికి లంకె వేస్తారు. ఆ పుట పాఠశాల సైటులో ఉంటే పాఠశాల పేరు కూడా వారి కంట పడుతుంది. పాప్పారపట్టిలో తుదిశ్వాస విడిచిన స్వాతంత్ర్య యోధుడు సుబ్రహ్మణ్య శివ గురించి, తగడూరు అన్న ఈ ఊరి ప్రాచీన నామం గురించి, అతియమాన్ గురించి తెలుగులో చదవాలనుకునేవారికి ఎవరు వ్రాసిపెట్టాలి? పట్టుగూళ్ల వ్యాపారి ధరల వివరం, మల్బరీ ఆకు సాగులో మెలకువలు వ్రాయవచ్చు. పది సైట్లలో ఉన్నదానినే పదకొండవసారి నకలు దింపడం వలన ప్రయోజనం లేదు.

2024 నుండి గూగుల్ మన దేశంలో కూడా కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధతో కూర్చిన సమాధానాన్ని పైభాగాననే చూపుతున్నది. దానివలన సైటును తెరవకుండానే వెళ్లిపోయేవారు ఉంటారు. నిజమే. అయితే ఆ మేధ కూడా ఎవరో ఒకరు వ్రాసినదానినే చదివి చెప్పాలి. తమిళనాడు ధర్మపురి గురించి తెలుగులో వ్రాత లేకపోతే అదీ గోదావరి ఒడ్డుకే దారి చూపుతుంది.

ఇంతవరకు దొరికే ఉపాయాలు. దొరకకూడనివి కూడా ఉన్నాయి. తల్లిదండ్రులు ఎక్కువగా ఉన్న సభ గనుక ఈ విషయం దాటవేయడం తగదు. విద్యార్థుల మార్కుల పట్టికలు, పుట్టిన తేదీలు, ఆధార్ సంఖ్యలు, ఇంటి చిరునామాలు గల పత్రాలను ప్రవేశాల తరుణంలో తొందరపాటుతో సైటులో ఎక్కించేవారు ఉన్నారు. పుటకు లంకె వేయలేదు గనుక ఎవరికీ తెలియదనుకోవడం పొరపాటు. ఏదో ఒక దారిన సాలెపురుగు అక్కడికి చేరుతుంది. రోబోట్స్ అనే దస్త్రంలో రావద్దని వ్రాసినా, ఆ చిరునామా సూచికలో కనబడవచ్చు. అది ప్రాకుడును ఆపుతుందే కాని కప్పిపెట్టదు. అట్టి పత్రాలను సంకేతపదం వెనుక ఉంచాలి, లేదా సైటులో పెట్టనే కూడదు. పిల్లల ఛాయాచిత్రం క్రింద పూర్తి పేరు, తరగతి వ్రాయడం కూడా మానుకోవలసినదే. పద్దెనిమిది సంవత్సరాలు నిండనివారి వివరాలను డిజిటల్ రూపంలో వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతున్నది. బిడ్డ బహుమతి పుచ్చుకున్న చిత్రాన్ని లోకమంతా చూడాలన్న ముచ్చట సహజమే. ఆ చిత్రం ఇరవై సంవత్సరాల తరువాత కూడా ఆ పేరుతో దొరుకుతుందని తలచుకొని పెట్టండి.

ఇక ఈ సంచిక సంగతి. పాఠశాల పుట్టుకను, తొలి ఉపాధ్యాయులను, వర్షంలో తరగతులు జరిగిన తీరును తెలిసినవారు ఇప్పుడు వృద్ధులు. వారు చెప్పగా వ్రాసుకున్న వ్యాసాలు ఇందులో ఉన్నాయి. అచ్చయిన ప్రతులు కొన్ని వందలు. అవి ఇళ్లలోని బీరువాలకు చేరుతాయి. ముద్రణాలయం నుండి పుటలు కట్టిన పీడీఎఫ్ మాత్రమే తీసుకొని సైటులో పెడితే, పైన చెప్పిన ఖతుల కారణంగా ఆ వ్యాసాలలోని ఒక్క పేరు కూడా వెతికినవారికి దొరకదు. ముద్రణాలయాలు పని ముగిసిన కొంతకాలానికి పాత దస్త్రాలను తుడిచివేస్తాయి కనుక జాప్యం పనికిరాదు. బిల్లు చెల్లించేనాడే ప్రతి వ్యాసపు మూలపాఠాన్ని అడిగి పుచ్చుకోవాలి. దానిని యూనికోడ్‌లోనికి మార్పించి, వ్యాసానికి ఒక పుటగా, వ్రాసినవారి పేరుతో, ‘తమిళనాడు ధర్మపురి’ అన్న శీర్షికతో సైటులో ఉంచాలి. మార్పిడిలో ఎక్కువగా చెడిపోయేవి వట్రసుడి, క్రావడి, పొల్లు, వత్తులు. సంచిక చివరి ప్రూఫులు చూచిన ఉపాధ్యాయులే ఆ పాఠాన్ని మరొకసారి చదివితే రెండు మూడు వారాలలో పని పూర్తి కాగలదు; పూర్వ విద్యార్థులలో తెలుగు టైపు వచ్చినవారు తలా రెండు వ్యాసాలు పంచుకుంటే ఇంకా త్వరగా అవుతుంది. పేర్లు నమోదు చేసుకోవడానికి కాగితం కార్యాలయంలో ఉంచబడింది.